ఐదింటికీ ఆరింటికీ మధ్య తప్పిపోయిన గంట

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు ఫిర్యాదు కాగితంలో ఉన్నాయి. అక్కడి నుంచి ఎత్తి రాసుకోమని స్టేషన్ రైటరు గారికి మనవి చేశాను. ఆ పేరుతో పిలిస్తే నేను కూడా వెంటనే పలకను. మా పేటలో "బాకా ఇల్లెక్కడ" అంటే పాలు తాగే పిల్లవాడు సైతం వేలు పెట్టి చూపిస్తాడు. వయసు నలభై ఏడు. వృత్తి మైకు బండి. మూడు చక్రాల బండి మీద రెండు హారన్లు కట్టుకుని వీధివీధికీ తిరుగుతాను. రేపు కుళాయి రాదని, ఎల్లుండి కరెంటు ఉండదని, కొత్త చెప్పుల దుకాణం తెరిచారని, ఎరుపు చొక్కా వేసుకున్న పిల్లవాడు తప్పిపోయాడని చెబుతాను. చదువు పదో తరగతి పాసు, ఇంటర్ ఫెయిలు. ఫెయిలు అనే మాట కింద గీత గీయమని అడిగాను. రైటరు గారు ఎందుకన్నారు. ముందు గీయండి, తరువాత తెలుస్తుందన్నాను. గీశారు.

నేను చెబుతున్నాను, రైటరు గారు రాస్తున్నారు. నా మాటను తన మాటగా మార్చనని ఎస్సై గారి ముందు ఒప్పుకున్నారు.

నా మీద ఆరోపణలు మూడని ఎస్సై గారు చదివి వినిపించారు. దూరవిద్య స్టడీ సెంటరులో విశ్వవిద్యాలయం వారి ఇత్తడి ముద్ర దొంగిలించానట. సెంటరు కోఆర్డినేటరు గారి పరువు మైకులో తీశానట. మా చెల్లెలి పరీక్షలో మోసం చేశానట. మొదటి రెండూ మీరు ఎలా రాసుకున్నా నేను పోట్లాడను. నా వీపు గట్టిది. మూడోది మాత్రం నా మీద పెట్టింది కాదు. నా పేరు అడ్డం పెట్టుకుని మా చెల్లెలి మీద పెట్టింది. మోసమని తేలితే ఆమె పేపరు రద్దవుతుంది. ఈ విడతతో ఆమె డిగ్రీకి ఇచ్చిన గడువు అయిపోతుంది. ఈ ఒక్క పేపరు పోతే ఇన్నేళ్ళుగా పాసైన పేపర్లన్నీ దానితో పాటే పోతాయి, మళ్ళీ మొదటి సంవత్సరం మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మా చెల్లెలికి నలభై ఒకటి. పుట్టుకతోనే చేతులూ కాళ్ళూ బిగదీసుకుపోయాయి. చక్రాల కుర్చీలో ఉంటుంది. కలం పట్టలేదు. మాట వస్తుంది, కాని నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వినేవాడికి ఓపిక ఉంటే ప్రతి ముక్కా అర్థమవుతుంది. ఓపిక లేనివాడు ఆమెకు మాట రాదంటాడు. నా బండి మీద వినిపించే ప్రకటనలన్నీ ఆమె కట్టేవే. మూడేళ్ళ కిందట పేట కుళాయి ఎండిపోతే దానికి దండ వేసి సంతాప ప్రకటన చేశాను, మీకు గుర్తుండే ఉంటుంది. మర్నాడే నీళ్ళొచ్చాయి. ఆ సంతాపం కూడా ఆమె రాయించిందే. ఊరు వినేది నా గొంతు. మాట ఆమెది.

చిన్నప్పటి నుంచీ అంతే. మా మేనత్త వచ్చి కూర్చుంటే పొద్దుపోయేదాకా కదిలేది కాదు. చెల్లెలు ఏదో అనేది. ఏమంటోందిరా అని అత్త నన్ను అడిగేది. గుమ్మంలో నీ చెప్పులు నీ కోసం బెంగ పెట్టుకున్నాయంటోంది అత్తా అని నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాణ్ణి. మాట దానిది, దెబ్బ నాది. మార్చి చెప్పడం చేతనైన వాణ్ణయితే అన్ని దెబ్బలు తినేవాణ్ణి కాదు. నేను ఆమె చెప్పింది కాక వేరేది రాస్తానని ఫిర్యాదులో రాసిన కోఆర్డినేటరు గారు మా మేనత్తను అడిగి తెలుసుకోవచ్చు. ఆవిడ ఇంకా ఉన్నారు. చెయ్యి కూడా అలాగే ఉంది.

చెల్లెలు దూరవిద్యలో బి.ఏ. చదువుతోంది. పాఠాలు ఫోనులో వింటుంది. రొట్టె కాలుతున్నా, పంపు మోగుతున్నా, నేను గురక పెడుతున్నా వింటుంది. విశ్వవిద్యాలయం వారు ఆమె డాక్టరు కాగితాలు చూసి ఉత్తర్వు ఇచ్చారు. కింది అంతస్తులో గది ఇవ్వాలి. తన మాట అర్థమయ్యే మనిషిని తనే తెచ్చుకుని రాయించుకోవచ్చు. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఎక్కువ ఇవ్వాలి. ఇది దయ కాదు. కాళ్ళున్నవాళ్ళకు మెట్లు కట్టినట్టే ఇదీ. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. స్టడీ సెంటరులో పూజారి ఈ కోఆర్డినేటరు గారు. ఈయన రాకముందు ఉన్న పెద్దాయన ఉత్తర్వు చదివి, కుర్చీకి బల్ల ఎత్తు సరిపోతుందో లేదో తనే వంగి చూసేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ చెల్లెలు పేపరు తరువాత పేపరు పాసైంది. ఆయన రిటైరయ్యేనాటికి చరిత్ర పేపరు ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటే మా ప్రాణం తీసింది.

చెప్పింది రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటారు. స్క్రైబ్ చదువు పరీక్ష రాసేవాళ్ళ చదువుకన్నా తక్కువ ఉండాలని నియమం. ఎక్కువ చదువుకున్నవాడైతే తన తెలివి కలిపి రాసేస్తాడని భయం. ఆ లెక్కన ఈ ఊళ్ళో నాకన్నా అర్హత కలవాడు లేడు. ఈ విషయంలో మాత్రం నా ముందు ఎవరూ నిలవలేరు. కాని మొదటిసారి చరిత్ర పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ కోఆర్డినేటరు గారు నన్ను ఎగాదిగా చూసి, నువ్వు తక్కువ చదివావని రుజువేమిటన్నారు. నా మాట వింటే తెలియడం లేదా అన్నాను. తెలియదు, ఇంటర్ ఫెయిలయినట్టు కాగితం తెమ్మన్నారు. అప్పటికప్పుడు ఎక్కడ తెస్తాను. పక్కనున్న జిరాక్సు దుకాణంలో పనిచేసే అమ్మాయిని పిలిచి స్క్రైబుగా కూర్చోబెట్టారు. ఆ పిల్ల చెడ్డది కాదు. ఏంటండీ, ఏంటండీ అని అడిగి అడిగి, మధ్యాహ్నం గడిచేసరికి అడగడానికి సిగ్గుపడి, తనకు తోచింది రాసింది. బయటికొచ్చాక నాతో అంది, మీ చెల్లెలు చాలా చెప్పిందండీ, నాకే అందలేదు, అని. చెల్లెలు ఫెయిలయింది. ఆ మార్కులు మా చెల్లెలి చదువుకు పడ్డవి కావు. వినలేనితనానికి పడ్డవి. మార్కుల కాగితం మీద మాత్రం ఆమె నంబరే ఉంది.

ఆ తరువాత నేను ఫెయిలయినట్టు కాగితం కోసం తిరిగాను. నా పాత కాలేజీకి వెళ్ళి అడిగితే అక్కడి గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పాసైన కాగితం పోయిందని వచ్చేవాళ్ళను చూశాను గాని, ఫెయిలయింది కావాలని వచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నానన్నాడు. దేనికోయ్, ఉద్యోగమా అన్నాడు. అవునండీ, దీనికే పోటీ ఎక్కువగా ఉందన్నాను. అటకెక్కి, దుమ్ము కొట్టుకుని, మార్కుల మెమో నకలు తీసిచ్చాడు. లెక్కల్లో నాకు వచ్చిన మార్కు మీరు నమ్మరు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇప్పటికీ దగ్గరే ఉంచుకున్నాను. ఎస్సై గారు అడిగితే చూపించాను. ఆయన నవ్వారు. నవ్వారని కూడా రాయమన్నాను. వద్దన్నారు.

రెండోసారి ఆ మెమో పట్టుకెళ్తే నన్ను రాయనిచ్చారు. గది మాత్రం మేడ మీద ఇచ్చారు. నేనూ, అక్కడి వాచ్‌మనూ కుర్చీ మోసుకుని ఎక్కేసరికి అందరూ మొదటి ప్రశ్న సగం రాసేశారు. సరిగ్గా ఐదింటికి కోఆర్డినేటరు గారు వచ్చి పేపరు లాక్కున్నారు. అదనపు గంట ఉందండీ అని ఉత్తర్వు చూపించాను. ఆయన ఉత్తర్వు చూడలేదు, గోడ మీది గడియారం చూశారు. అక్కడి పద్ధతేమిటంటే, పేపర్లన్నీ ఒకే గుడ్డసంచిలో వేసి, మూతి కుట్టి, లక్క కరిగించి పోసి, దాని మీద ఇత్తడి ముద్ర వేస్తారు. ఐదుంపావుకు వ్యాను వచ్చి సంచి తీసుకుపోతుంది. ఒక్క మనిషి కోసం సంచి తెరిచి ఉంచనన్నారు. ఉత్తర్వు విశ్వవిద్యాలయానిది, సంచీ విశ్వవిద్యాలయానిదే, రెండింటికీ మధ్య ఈయన ఎవరు? చెల్లెలు నాలుగు మార్కుల్లో పోయింది. విశ్వవిద్యాలయానికి రాసుకుంటే జవాబొచ్చింది. ఉత్తర్వు అమలులోనే ఉన్నది అని ఒక్క ముక్క. అమలులో ఉన్నదట. ఎక్కడ ఉన్నదో రాయలేదు.

ఇక్కడ రైటరు గారిని కోర్టు కాగితాల పని మీద లోపలికి పిలిచారు. ఆయన కలం కానిస్టేబులమ్మ చేతికిచ్చి వెళ్ళారు. ఎక్కడ ఆగానో ఆమె చదివి చెప్పారు. అక్కడి నుంచి చెబుతున్నాను.

మూడోసారి, ఆఖరిసారి, నిన్న ఆదివారం. పరీక్ష రెండింటికి. మేము ఒంటిగంటన్నరకే వెళ్ళాం. కింద గది ఖాళీ లేదన్నారు. ఖాళీ గది కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, నిండా విరిగిన కుర్చీలున్నాయి. విరిగిన కుర్చీలకు కింది అంతస్తులో గది ఉంది, చక్రాల కుర్చీకి లేదు. ఆ మాట నేను గట్టిగానే అన్నాను. పరీక్ష రాయడానికొచ్చిన వాళ్ళు నలుగురు తిరిగి చూశారు. దాంతో కోఆర్డినేటరు గారు తన ఆఫీసు వెనక గదిలో కూర్చోమన్నారు. అందులో ఒక బీరువా, మూలన పాత జిరాక్సు యంత్రం, ఒక బల్ల ఉన్నాయి. బల్ల మీద గుడ్డసంచి, లక్క కడ్డీ, ఇత్తడి ముద్ర ఉన్నాయి. అవి అక్కడ నేను తెచ్చి పెట్టినవి కావు. వాటి పక్కన మమ్మల్ని కూర్చోబెట్టిందీ నేను కాదు.

నేను మోసం చేయకుండా చూడటానికి ఒక టీచరమ్మను మా పక్కనే కూర్చోబెట్టారు. ఆమె ఆ సెంటరుకు కొత్త, ఎవరో రాకపోతే బదులుగా వచ్చారట. కోఆర్డినేటరు గారు ఆమెతో నా ఎదుటే అన్నారు.

"ఆవిడకేం మాట రాదు మేడమ్. అంతా వీడే రాసేస్తాడు. కాస్త కనిపెట్టి ఉండండి."

చెల్లెలు ఏదో అంది. టీచరమ్మ ఏమంటున్నారని నన్ను అడిగారు. అలవాటు ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పాను. వీడికే అంత చరిత్ర వస్తే మైకు బండి ఎందుకు తోలుతాడు అంటోందండీ, అన్నాను. టీచరమ్మ నవ్వాపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కోఆర్డినేటరు గారు వెళ్ళిపోయారు.

పరీక్ష మొదలైంది. ఆమె చెప్పింది, నేను రాశాను. మొదటి గంటలో టీచరమ్మ రెండు మూడుసార్లు నా వైపు అనుమానంగా వంగారు, ఆమె ఇంత అన్నారా అని. రెండో గంటలో అడగడం మానేశారు. మూడో గంటలో ఒకచోట నేను ఒక మాట వదిలేస్తే, అక్కడ "మాత్రమే" అన్నారండీ అని టీచరమ్మే నాకు అందించారు. చెల్లెలు తల ఊపింది. అప్పుడు నాకు ఎలాగో అయింది. కారణం చెప్పలేను. రాయడం ఆగిపోయింది. కానివ్వరా అంది చెల్లెలు.

ఐదయ్యేసరికి నాలుగో జవాబు నడుస్తోంది, ఐదోది మిగిలి ఉంది. కోఆర్డినేటరు గారు లోపలికొచ్చి టైమయిందన్నారు. అదనపు గంట అన్నాను. సంచి అన్నారు. టీచరమ్మ కూడా ఉత్తర్వు చూపించి, ఇందులో ఉంది కదా సార్ అన్నారు. ఆయన జవాబు పుస్తకం మీద చెయ్యి వేశారు. చెల్లెలు దాని మీద మోచెయ్యి వేసింది. ఆమె చేతికి అంతకన్నా బలం లేదు. ఉన్న బలమంతా పెట్టింది. ఆ పేజీ తీసి చూస్తే కింద కుడివైపు చెమట మరక ఉంటుంది, పరీక్ష దిద్దేవారు అదేమిటో అని కంగారు పడకూడదని ముందే చెబుతున్నాను.

ఆయన లాగలేదు. లాగితే చిరుగుతుందని భయం. లక్క కరిగేలోగా ముగించుకోండి అన్నారు. అది ఆయన మా చెల్లెలికి ఇచ్చిన గంట. కొవ్వొత్తి కోసం అటెండరును కేకేస్తూ బయటికి వెళ్ళారు.

అప్పుడు నేను ముద్ర తీశాను. దొంగతనమంటున్నారు గనుక ఎక్కడ పెట్టానో స్పష్టంగా రాయండి. ఆ గదిలో బీరువా ఉందని చెప్పాను కదా. తాళంచెవి దానికే వేలాడుతోంది. తలుపు సగం తెరిచి ఉంది. పై అరకు విశ్వవిద్యాలయం వారి చీటీ అంటించి ఉంది, "ముద్ర ఈ అరయందే ఉంచవలెను" అని. మధ్యాహ్నం నుంచీ అది నాకు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఆ అరలో రెండు డొక్కు స్టాప్లరులు, ఒక ఎండిపోయిన జిగురు డబ్బా తప్ప ఏమీ లేవు. నేను ముద్రను ఆ చీటీ కింద నిలబెట్టి తలుపు మూశాను. తాళం వేయలేదు. టీచరమ్మ చూశారా అని ఎస్సై గారు అడిగారు. ఆమె అప్పుడు కిటికీ వైపు చూస్తున్నారు. కిటికీలో ఏముందని అడిగారు. గోడ ఉంది.

కోఆర్డినేటరు గారు కొవ్వొత్తితో వచ్చారు. ముద్ర లేదు. బల్ల కింద చూశారు. సంచిలో చూశారు. జిరాక్సు యంత్రం మూత ఎత్తి చూశారు. అటెండరు జేబులు చూశారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటారే, అలాంటి పిల్లల కోసం నేను చాలాసార్లు మైకులో అరిచాను గాని వెతకడాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. బీరువా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ఆఫీసులో ఏ వస్తువైనా ఉండాల్సిన చోట ఉంటుందని ఆయనకు అనుమానమైనా రాలేదు.

చివరికి నా వంక చూశారు. కుళాయికి దండ వేసినవాడివి నువ్వే కదూ అన్నారు. అటెండరుతో నా చెయ్యి పట్టించి బయటికి తీసుకెళ్ళమన్నారు. నా జేబులు, చెప్పులు, బండి సీటు కింద, హారన్ల లోపల అన్నీ వెతికించారు. ఇక్కడే నా తెలివి తెల్లారింది. ముద్ర దాస్తే సంచి ఆగుతుందని ఆలోచించాను గాని, దాచినవాడే రాసేవాడని ఆలోచించలేదు. గంట దొరికింది, చెయ్యి పోయింది. లోపల చెల్లెలు ఉంది, ఐదో ప్రశ్న ఉంది, తెరిచిన సంచి ఉంది. రాసేవాడు ఎండలో రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి పంపండి, రాశాక మళ్ళీ వెతుక్కోండి అని బతిమాలాను. బతిమాలడం నాకు పెద్దగా రాదు, అయినా బతిమాలాను. ముద్ర ఇచ్చి వెళ్ళమన్నారు. ముద్ర ఇస్తే సంచికి సీలు పడిపోతుంది. ఇవ్వకపోతే నన్ను లోపలికి పంపరు.

కోపం ఆగలేదు. బండి ఎక్కి మైకు వేశాను. ఏమన్నానో ఫిర్యాదులో తప్పుగా రాశారు. నేను అన్నది ఇది.

"అమ్మలారా అయ్యలారా, ఒక గంట తప్పిపోయింది. వయసు అరవై నిమిషాలు. ఒంటి మీద ఆకుపచ్చ సిరా సంతకం ఉంది. విశ్వవిద్యాలయం వారు మా చెల్లెలికి ఇస్తే, ఈ ఆఫీసు గుమ్మం దాకా క్షేమంగా వచ్చింది. లోపలికి వెళ్ళాక కనిపించలేదు. ఎవరి దగ్గరున్నా ఏమీ అనం. భయపడకుండా తెచ్చి ఇవ్వండి. ఇంటి దగ్గర చదువు బెంగ పెట్టుకుంది."

ఎవరి పేరూ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కోఆర్డినేటరు గారే పరుగెత్తుకొచ్చి, నన్నే అంటున్నాడని అందరికీ చెప్పారు. అప్పటిదాకా గేటు దగ్గర ఉన్నవాళ్ళకు ఎవరినో తెలియదు. ఆయన పరువు నేను తీయలేదు, ఆయనే తెచ్చి చూపించారు. పరీక్ష రాసి బయటికొచ్చినవాళ్ళు గుమిగూడారు. వ్యాను డ్రైవరు దిగి, తమ్ముడూ, ఇంకోసారి చెప్పు, మొదట్లో సరిగ్గా వినలేదు అన్నాడు. చెప్పాను. అతను అడగకుండానే మూడోసారి కూడా చెప్పాను. ఈ ప్రకటన కూడా మా చెల్లెలే కట్టి ముందే సిద్ధం చేసిందని ఫిర్యాదులో ఉంది. అది అబద్ధం. నేను అప్పటికప్పుడు అన్నది. రాత్రి ఇంట్లో చెల్లెలికి చెబితే చివరి వాక్యం నాసిగా ఉంది, అది లేకుండా ఉంటే బాగుండేదంది. ఆమె కడితే అలా ఉండదు. ఆ చెత్త నాదే.

మూడోసారి చెబుతుండగా వెనక గది కిటికీ కనిపించింది. టీచరమ్మ నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. చెల్లెలి నోటి దగ్గరికి చెవి ఆనించి, తల వంచి రాస్తున్నారు. మధ్యలో ఒకసారి తల ఎత్తి ఏదో అడిగారు. చెల్లెలు మళ్ళీ చెప్పింది. టీచరమ్మ తల ఊపి మళ్ళీ రాశారు. నేను మైకు ఆపేశాను. ఆ తరువాత అరవాల్సిన పని కనిపించలేదు.

మూడు గంటలు పక్కన కూర్చుని విన్నారు ఆవిడ. అంతే. ఏ మంత్రమూ లేదు. మా చెల్లెలికి మాట రాదని ఏడాది పాటు చెప్పుకుని తిరిగిన పెద్దమనిషికి ఆ మూడు గంటలు దొరకలేదు.

ఆరింటికి టీచరమ్మ జవాబు పుస్తకం పట్టుకుని బయటికి వచ్చారు. కోఆర్డినేటరు గారి చేతికిచ్చి, ఇప్పుడు ఆమె గంట అయిందండీ అన్నారు. అప్పుడు నేను, ముద్ర బీరువాలో పై అరలో, మీ చీటీ కిందే ఉందన్నాను. అటెండరు వెళ్ళి తెచ్చాడు. తెస్తూ, ఇక్కడెందుకు పెట్టావయ్యా అన్నాడు. ఎక్కడ పెట్టాలో రాసుంది కదన్నాను. సంచికి సీలు పడింది. వ్యాను వెళ్ళింది. ముద్ర ఆ గది గుమ్మం దాటలేదు. దొంగతనమంటే ఏమిటో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక మూడో ఆరోపణ. జవాబు పుస్తకంలో నాలుగో జవాబు మధ్య నుంచి దస్తూరీ మారిందట. రెండు చేతుల రాత ఉంది కనుక మోసమట, రద్దు చేయాలట. మారింది. నేను కాదనను. ముందు నాది కోడి గెలికినట్టు ఉంటుంది. తరువాత టీచరమ్మది ముత్యాల కోవ. చేతులు రెండు, మాట ఒక్కటే. నా చేతిని అక్కడి నుంచి లాగేసింది ఎవరో పైన చెప్పాను. ఒకడు పడవలోంచి తెడ్డు లాగేసి, ఇంకో తెడ్డుతో ఒడ్డు చేరితే, అది మొదలుపెట్టిన పడవ కాదన్నట్టుంది ఆయన వాదన. టీచరమ్మ మీద కూడా చర్య తీసుకోమని రాశారట. స్క్రైబు నియమానికి ఆమె చదువు ఎక్కువేనని ఒప్పుకుంటాను, కాని ఉన్న స్క్రైబును ఆయనే బయట నిలబెట్టాక మిగిలింది ఆమే. అంతకు మించి ఆమె చేసిన తప్పేమిటో నాకు తెలియదు. వినడం ఏ సెక్షను కిందికొస్తుందో ఎస్సై గారు చెప్పాలి.

చెల్లెలు ఇప్పుడు నా పక్కనే ఉంది. ఈ స్టేషన్‌కు ఐదు మెట్లున్నాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి ఏ కాగితమూ అడగకుండా కుర్చీ ఎత్తి లోపలికి తెచ్చారు. ఎస్సై గారు ఆమె వాంగ్మూలం కూడా కావాలన్నారు. నాది అయ్యాక ఆమెది రాస్తారు. ఏం చెబుతోందో నేను చెబుతానని లేచాను. చెల్లెలు నన్ను కూర్చోమంది.

"నువ్వుండు. ఆవిడ వింటారులే."

ఆ మాట కానిస్టేబులమ్మకు రెండోసారి చెబితే అర్థమైంది. నేను చెప్పకుండానే రాసుకున్నారు.

నన్ను లోపల వేస్తే వేయండి. మైకు బండి స్వాధీనం చేసుకుంటే చేసుకోండి, కుడివైపు హారను కాస్త జాగ్రత్తగా దించమని మనవి. ఆ పేపరు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. అందులో నా తెలివి ఒక్క అక్షరం లేదు. ఉండే వీలు లేదని నా దగ్గర ప్లాస్టిక్ కవరులో రుజువు కూడా ఉంది.

ఆఖరి మాట. ఈ వాంగ్మూలంలో మొదటి సగం రైటరు గారి చేతిరాత, గుండ్రంగా ఉంది. ఆయన లేచి వెళ్ళినప్పటి నుంచి కానిస్టేబులమ్మది, కోలగా ఒక పక్కకు వాలి ఉంది. నా చేతిరాత ఇందులో ఎక్కడా లేదు. ఇది ఎవరి వాంగ్మూలమండీ అని ఎస్సై గారిని అడిగాను. నీదే కదయ్యా, ఇంకెవరిది అన్నారు. ఆ మాట కూడా రాయమన్నాను. కానిస్టేబులమ్మ ఆయన వంక చూశారు. ఆయన రాయమ్మా అన్నారు. రాశారు.

పైదంతా నేను నోటితో చెప్పగా ఇద్దరు రాసినది. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. నెమ్మదిగా చదవమంటే నెమ్మదిగా చదివారు, ఒకచోట మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివారు, ఎవరూ గడియారం వంక చూడలేదు. ఇందులో ఉన్నది నిజం, ఉన్న మాట నాది. సంతకం చేయడం నాకు వచ్చు. అయినా వేలిముద్రే వేస్తున్నాను. వేరే ఇద్దరి చేతులు రాసిన కాగితం చెప్పినవాడి పేరున చెల్లుతుందని ఇక్కడ ఒకసారి తేలితే, రేపు ఇంకోచోట చూపించడానికి పనికొస్తుంది.

ఎడమచేతి బొటనవేలి ముద్ర

ఇది "బాకా" అనబడే వానిది